చెరగని వ్రాత, చెరిపి వ్రాసే వ్రాత: నిల్వ మాధ్యమాల చరిత్రలో కాపరులకు ఒక పాఠం

ఉపోద్ఘాతం

మా తరంవారిలో చాలామందిమి అక్షరాలు దిద్దింది పలక మీద. బలపంతో వ్రాసి, తప్పు వస్తే తడిగుడ్డతో తుడిచి మళ్ళీ వ్రాసేవాళ్ళం. సాయంత్రానికి పలక మీద ఆనాటి పాఠం ఒక్కటే ఉండేది, నిన్నటిది ఉండేది కాదు. అంతకుముందు మన పూర్వీకులు తాటాకు మీద గంటంతో గీసి, ఆ గీతల్లోకి మసి పట్టించి వ్రాశారు. గంటం పెట్టిన గాటు పూడదు. తప్పు దొర్లితే పక్కన సవరించుకోవాలి, లేదా కొత్త ఆకు తీసుకోవాలి. పలకకు, తాటాకుకు మధ్య ఉన్న ఈ భేదమే కంప్యూటరు యుగంలో 'ఒక్కసారి మాత్రమే వ్రాయగల' మాధ్యమాలకు, 'చెరిపి మళ్ళీ వ్రాయగల' మాధ్యమాలకు మధ్య భేదంగా మన ముందుకు వచ్చింది.

ఈ విషయాన్ని చరిత్ర దృష్టితో పరిశీలించడానికి నన్ను పురికొల్పింది నా సొంత పొరపాటు. 2004లో నేను పరిచర్య చేస్తున్న సంఘంలో పాత బాప్తిస్మపు రిజిస్టరులోని వివరాలను కంప్యూటరులో ఎక్కించాం. మళ్ళీ మళ్ళీ వాడుకోవచ్చు, ఖర్చు కలిసివస్తుంది అన్న ఆలోచనతో సిడి-ఆర్‌డబ్ల్యు డిస్కు కొన్నాం. ప్రతి జనవరిలో కొత్త జాబితాను పాతదాని మీదనే వ్రాసేవాళ్ళం. ఊరు విడిచి వెళ్ళిన కుటుంబాల పేర్లు తీసివేసేవాళ్ళం. ఈలోగా కాగితపు రిజిస్టరులో కొన్ని పుటలను చెదలు తినేశాయి. 2011లో ఒక సహోదరి వచ్చి, తన పుట్టిన తేదీకి ఆధారంగా చూపడానికి బాప్తిస్మపు ధ్రువపత్రం కావాలని అడిగింది. ఆమె పేరున్న పుట చెదల పాలైంది. డిస్కులో చూస్తే ఆమె కుటుంబం పేరే లేదు. "అయ్యగారూ, నేను ఈ గుడిలోనే గదా బాప్తిస్మం పొందింది?" అని ఆమె అడిగితే నా దగ్గర జవాబు లేదు. డిస్కు చెడిపోలేదు. మేము చెరపమన్నదాన్ని అది చక్కగా చెరిపింది, అంతే.

తప్పు ఎక్కడ జరిగింది? మాధ్యమాన్ని ఎన్నుకోవడంలోనా, వాడిన పద్ధతిలోనా? ఈ ప్రశ్నకు జవాబు వెదకడమే ఈ వ్యాసం ఉద్దేశం.

1. కంప్యూటరుకు ముందు: మైనపు పలక, చర్మపత్రం

చెరిపి వ్రాసే మాధ్యమం కొత్తదేమీ కాదు. గ్రీకు, రోమా ప్రజలు చెక్కపలకల మీద మైనం పూసి, మొనదేలిన ఘంటంతో దానిపై వ్రాసేవారు. ఆ ఘంటం రెండవ కొన చదునుగా ఉండేది, అది మైనాన్ని సాపు చేసి వ్రాతను చెరపడానికి. మాట పడిపోయిన జెకర్యా తన కుమారుని పేరు వ్రాయడానికి అడిగిన వ్రాతపలక (లూకా 1:63) ఇటువంటిదే అయివుంటుందని సాధారణంగా భావిస్తారు. లెక్కలు, చిత్తుప్రతులు, బడిపిల్లల పాఠాలు మైనపు పలక మీద వ్రాసేవారు. ఉంచుకోవలసినదాన్ని పపైరసు మీదికో చర్మపత్రం మీదికో ఎక్కించేవారు. పనికి ఒకటి, నిల్వకు ఒకటి అన్న విభజన ఆనాడే ఉన్నదని పాఠకులు గమనించగలరు.

అయితే చర్మపత్రం ఖరీదైనది. కొరత వచ్చినప్పుడు పాత వ్రాతను కడిగి, గీకి, దాని మీదనే కొత్త గ్రంథం వ్రాసేవారు. ఇటువంటి ప్రతిని పాలింప్సెస్టు అంటారు. 'మళ్ళీ గీకినది' అని ఆ గ్రీకు పదానికి అర్థం. నూతన నిబంధన మూలపాఠ విమర్శ చదివిన విద్యార్థులందరికీ 'ఎఫ్రాయిమీ రెస్క్రిప్టస్' కోడెక్సు పేరు తెలుసు. 5వ శతాబ్దంలో వ్రాసిన గ్రీకు బైబిలు ప్రతి అది. 12వ శతాబ్దంలో ఎవరో దాని వ్రాతను తుడిచి, సిరియా దేశస్థుడైన ఎఫ్రాయిము రచనల గ్రీకు అనువాదాన్ని దాని మీద వ్రాశారు. ప్రస్తుతం ప్యారిస్‌లోని జాతీయ గ్రంథాలయంలో ఉన్న 209 ఆకులలో 145 నూతన నిబంధనకు, 64 పాత నిబంధనకు చెందినవి. టిషెన్‌డార్ఫ్ ఎంతో శ్రమపడి అడుగునున్న అక్షరాలను చదివి, నూతన నిబంధన భాగాన్ని 1843లోను, పాత నిబంధన భాగాన్ని 1845లోను ప్రకటించాడు.

ఇక్కడ ఒక సంగతి ఆలోచించదగినది. అంతకు చాలాకాలం ముందే, 692లో కాన్‌స్టాంటినోపులులో జరిగిన ట్రుల్లో సభ తన 68వ నియమంలో, పురుగు పట్టి గాని తడిసి గాని పనికిరాకుండా పోయినవి తప్ప, పాత క్రొత్త నిబంధనల గ్రంథాలను పాడుచేయకూడదని, కోయకూడదని నిషేధించింది. అయినా చెరపడం ఆగలేదు. చెరిపినవారు లేఖనానికి శత్రువులు కారు, వారు వ్రాసింది కూడా భక్తి గ్రంథమే. ఆ రోజున తమకు అవసరమైనదాని కోసం, అవసరం లేదనిపించినదాన్ని తుడిచారు. మేము డిస్కు మీద చేసింది కూడా సరిగ్గా ఇదే. ఒక్కటే తేడా. చర్మం మీద గీకిన సిరా మరక మిగిలింది గనుక టిషెన్‌డార్ఫ్ చదవగలిగాడు. మా డిస్కులో అటువంటి మరక కూడా మిగలలేదు.

2. రంధ్రాల కాలం

యంత్రాలు చదివే తొలి వ్రాత చెరగని వ్రాతే. హెర్మన్ హోలెరిత్ రూపొందించిన యంత్రాలతో అమెరికా 1890 జనాభా లెక్కలను చిల్లులు పొడిచిన అట్టల ద్వారా లెక్కించారు. 1928లో ఐబిఎం 80 నిలువు వరుసల అట్టను ప్రవేశపెట్టింది, అది దశాబ్దాల పాటు ప్రమాణంగా నిలిచింది. అట్టకు పొడిచిన చిల్లును మళ్ళీ పూడ్చలేం. తప్పు పడితే ఆ అట్ట తీసేసి మరొకటి పొడవాలి.

కాగితపు టేపులో మాత్రం ఒక్క అట్టను తీసి మరొకటి పెట్టినట్టు కుదరదు. అందుకు ఒక ఉపాయం పన్నారు. తప్పు అక్షరం దగ్గరకు టేపును వెనక్కి జరిపి, ఆ వరుసలోని స్థానాలన్నిటికీ చిల్లులు పొడిచేవారు. అన్నీ చిల్లులే ఉన్న వరుసను 'ఇది కొట్టివేసినది' అని యంత్రం దాటిపోతుంది. 1963లో వెలువడిన ఆస్కీ అక్షరసంకేతాలలో 'డిలీట్' గుర్తుకు 127 అనే సంఖ్య రావడానికి కారణం ఇదే. ఏడు స్థానాలూ నిండితే వచ్చే సంఖ్య 127. ఈనాడు మన కీబోర్డుల మీద మాటను మాయం చేసే మీటకు ఉన్న పేరు, అసలు మాయం చేయడం వీలుకాని కాలంలో 'కొట్టివేత' గుర్తుగా వాడుకలో ఉన్నదన్నమాట.

3. అయస్కాంతపు పలక

అయస్కాంత మాధ్యమం ఈ పరిస్థితిని మార్చింది. 1951 నాటి యూనివాక్ కంప్యూటరు సమాచారాన్ని అయస్కాంత టేపు మీద దాచుకుంది. 1956లో ఐబిఎం విడుదల చేసిన రామాక్ యంత్రంలో 50 పళ్ళేలతో తొలి హార్డ్ డిస్కు వచ్చింది. దానిలో పట్టేది 50 లక్షల అక్షరాలు మాత్రమే. ఇందులో వ్రాయడమంటే పూతలోని సూక్ష్మ భాగాల అయస్కాంత దిశను మార్చడం. ఎన్నిసార్లయినా మార్చవచ్చు. చెరపడానికి వేరే పని కూడా అక్కరలేదు, కొత్తది వ్రాస్తే పాతది దానంతట అదే పోతుంది.

ఈ సౌకర్యమే ఒక పెద్ద నష్టానికి దారి తీసింది. 1969 జూలైలో అపోలో 11 వ్యోమగాములు చంద్రుని మీద దిగినప్పుడు, అక్కడి నుండి వచ్చిన దృశ్య సంకేతాలను భూమి మీది కేంద్రాలలో టేపుల మీద నమోదు చేశారు. ప్రపంచం టెలివిజన్‌లో చూసింది వాటిని మార్చి ప్రసారం చేసిన, నాణ్యత తగ్గిన రూపాన్ని. తరువాతి కాలంలో మేలైన ఆ మూల టేపుల కోసం వెదకిన నాసా, అవి చెరిపి తిరిగి వాడిన టేపులలో కలిసిపోయి ఉంటాయని 2009లో తేల్చిచెప్పింది. టేపుల కొరత వలన పాతవాటిని మళ్ళీ వాడుకోవడం ఆనాటి అలవాటు. ప్రసార సంస్థల దగ్గరున్న ప్రతులను సేకరించి బాగుచేయగలిగారు గాని, మూలం మాత్రం దొరకలేదు. 12వ శతాబ్దపు లేఖకునికీ, 20వ శతాబ్దపు అంతరిక్ష సంస్థకూ చెరపడానికి కారణం ఒక్కటే: కొరత.

4. ఒకే ఆకారంలో రెండు స్వభావాలు: సిడి-ఆర్, సిడి-ఆర్‌డబ్ల్యు

1982లో సోనీ, ఫిలిప్స్ సంస్థలు సంగీతం కోసం విడుదల చేసిన కాంపాక్ట్ డిస్కు అచ్చు పుస్తకం వంటిది. కర్మాగారంలో అచ్చుపోసిన గుంటలను లేజరు కిరణం చదువుతుంది, వాడేవారు దానిపై ఏమీ వ్రాయలేరు. ఇంట్లోనే వ్రాసుకొనే డిస్కును జపాన్‌కు చెందిన తాయో యూడెన్ సంస్థ 1988లో రూపొందించింది. 1990లో దానికి ప్రమాణం ఏర్పడింది. అదే సిడి-ఆర్. 1997లో సిడి-ఆర్‌డబ్ల్యు మార్కెట్లోకి వచ్చింది. రెండూ 12 సెంటీమీటర్ల వెడల్పున్న డిస్కులే, రెండింటిలోనూ పట్టేది 650 నుండి 700 మెగాబైట్లే. లోపలి పదార్థం మాత్రం వేరు.

సిడి-ఆర్‌లో ప్లాస్టిక్ పలకకు, మెరిసే లోహపు పూతకు మధ్య ఒక రంగుపొర ఉంటుంది. వ్రాసే లేజరు వేడికి రంగు మారిపోతుంది. మారిన చోట వెలుగు తక్కువగా తిరిగి వస్తుంది. ఇది కాలిన కట్టె వంటి మార్పు, వెనక్కి తిప్పలేం. డిస్కు 'బర్న్' చేయడం అన్న వాడుక ఊరికే రాలేదు. సిడి-ఆర్‌డబ్ల్యులో రంగు ఉండదు. వెండి, ఇండియం, ఆంటిమొని, టెల్లూరియం కలిసిన మిశ్రమ లోహపు పొర ఉంటుంది. లేజరు దానిని సుమారు 600 డిగ్రీల సెల్సియస్‌కు వేడిచేస్తే ఆ చోటు కరిగి, వెంటనే చల్లారి, పరమాణువులు చెదరిన స్థితిలో బిగుసుకుపోయి వెలుగును తక్కువగా ప్రతిఫలిస్తుంది. అదే చోటును సుమారు 200 డిగ్రీలకు వేడిచేస్తే పరమాణువులు మళ్ళీ క్రమంలో సర్దుకొని స్ఫటికంగా మారుతాయి, వ్రాత చెరిగిపోతుంది. ఇలా సుమారు 1000 సార్లు చేయవచ్చు.

ఈ భేదం నుండి మరి కొన్ని భేదాలు పుడతాయి. సిడి-ఆర్‌డబ్ల్యు నుండి తిరిగివచ్చే వెలుగు బాగా తక్కువ కాబట్టి, అంతకుముందు తయారైన ప్లేయర్లలో చాలా వాటికి అది చదవరాలేదు. 2003లో అమెరికా జాతీయ ప్రమాణాల సంస్థ ప్రచురించిన మార్గదర్శి, పరీక్షలు జరిపిన తయారీదారుల అంచనాలను పేర్కొన్నది. దాని ప్రకారం తగిన పరిస్థితులలో భద్రపరిస్తే సిడి-ఆర్ 100 నుండి 200 సంవత్సరాలు, సిడి-ఆర్‌డబ్ల్యు 25 సంవత్సరాలకు పైగా నిలవాలి. ఇంకొక ముఖ్యమైన సంగతి: సిడి-ఆర్‌లో దశలవారీగా వ్రాసినప్పుడు ఒక ఫైలును 'తీసివేస్తే', అది కొత్త విషయసూచికలో కనబడదు గాని, డిస్కు మీద అది అలాగే ఉంటుంది. తగిన సాఫ్ట్‌వేరుతో తిరిగి తీయవచ్చు. మేము 2004లో సిడి-ఆర్ కొని, ఏటా అందులో ఒక దశ చొప్పున చేర్చుతూ వచ్చి ఉంటే, ఆ సహోదరి పేరు దొరికి ఉండేది.

నేడు మనం వాడే పెన్‌డ్రైవులు, ఫోన్లు పలక జాతికి చెందినవే. తోషిబా సంస్థలో ఫుజియో మసువోకా కనిపెట్టి 1984లో ప్రకటించిన ఫ్లాష్ మెమరీ వాటికి ఆధారం. ఒక్క విద్యుత్ మెరుపుతో సమాచారపు దిమ్మ మొత్తాన్ని చెరపగలగడం దాని లక్షణం. ఆ పేరు కూడా అందువల్లనే వచ్చింది.

5. చెరగనిది శాశ్వతమా?

అలాగైతే అన్నిటినీ సిడి-ఆర్‌లో ఎక్కిస్తే చాలునా? చాలదు. చెరగకపోవడం వేరు, నిలిచి ఉండడం వేరు. రంగుపొర ఎండకు, వేడికి, తేమకు చెడుతుంది. సమాచారపు పొర ఉండేది లేబులు వైపునే, పలుచని వార్నిషు కింద. అటువైపు బాల్‌పెన్నుతో గట్టిగా వ్రాసినా, అంటించిన లేబులును పీకినా నష్టం జరుగుతుంది. మందిరపు బీరువాలో ఏళ్ళ తరబడి పడివున్న డిస్కుకు, తయారీదారులు అంచనా వేసిన శతాబ్దాల ఆయుష్షు ఉంటుందని నమ్మలేం.

డిస్కు బాగున్నా చదివే యంత్రం ఉండాలి. ఇంగ్లండులో 1086 నాటి డూమ్స్‌డే గ్రంథానికి 900 ఏళ్ళు నిండిన సందర్భంగా బిబిసి 1986లో ఆ దేశపు జనజీవనాన్ని లేజరు డిస్కులలో నమోదు చేసింది. అవి చెరపడానికి వీలులేని డిస్కులు. పదిహేనేళ్ళు తిరగకముందే వాటిని చదివే యంత్రాలు అరుదైపోయి, సమాచారాన్ని రక్షించడానికి పరిశోధకులు ప్రత్యేకంగా పూనుకోవలసి వచ్చింది. 1086 నాటి చర్మపత్ర గ్రంథాన్ని మాత్రం నేటికీ కంటితో చదవవచ్చు. సోనీ సంస్థ 2025 ఫిబ్రవరిలో వ్రాయదగిన బ్లూ-రే డిస్కుల తయారీని నిలిపివేసింది. కొత్త లాప్‌టాప్‌లలో చాలావాటికి డిస్కు పెట్టే చోటే లేదు.

ఒకే ప్రతి ఉండడం మరొక ప్రమాదం. యెహోయాకీము రాజు గ్రంథపు చుట్టను ముక్కలుగా కోసి కుంపటిలో కాల్చినప్పుడు, యిర్మీయా తిరిగి చెప్పగా బారూకు మరియొక చుట్టలో వ్రాశాడు (యిర్మీయా 36). మన రిజిస్టర్లకు తిరిగి చెప్పి వ్రాయించే యిర్మీయా లేడు. ఉన్న ప్రతి పోతే పోయినట్టే.

6. పదార్థం నుండి నియమానికి

గత మూడు దశాబ్దాల చరిత్రలో ఒక గమనించదగిన మలుపు ఉంది. అమెరికా సెక్యూరిటీస్ అండ్ ఎక్స్ఛేంజ్ కమిషన్ 1997లో, షేర్ల దళారీ సంస్థలు తమ లెక్కలను కంప్యూటరు మాధ్యమంలో దాచుకోవడానికి అనుమతిస్తూ, తిరిగి వ్రాయడానికీ చెరపడానికీ వీలులేని రూపంలోనే దాచాలని షరతు పెట్టింది. 2022లో ఆ నియమాన్ని సవరించి, మరొక మార్గాన్ని కూడా అంగీకరించింది. చెరిపి వ్రాయగల మాధ్యమాన్నయినా వాడవచ్చు గాని, ప్రతి మార్పును, ప్రతి తొలగింపును, ఎవరు ఎప్పుడు చేశారో నమోదు చేస్తూ, మూల వ్రాతను తిరిగి రాబట్టేలా ఉంచాలి. మన దేశంలో కూడా 2023 ఏప్రిల్ 1 నుండి కంపెనీలు వాడే లెక్కల సాఫ్ట్‌వేరు, చేసిన ప్రతి మార్పును తేదీతో నమోదు చేయాలని, ఆ నమోదును నిలిపివేసే వీలు ఉండరాదని నియమం అమలులోకి వచ్చింది. అంటే 'చెరగనితనం' రంగుపొరలో నుండి మనుష్యుల క్రమశిక్షణలోకి మారింది.

కాపరులకు ఇది కొత్త సంగతి కానక్కరలేదు. మనం వివాహాలు జరిపించే 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టం, 78వ సెక్షనులో ఇదే పద్ధతిని నిర్దేశించింది. రిజిస్టరులో తప్పు కనబడితే, తెలిసిన నెలలోగా, వివాహమైన దంపతుల ఎదుట, వారు మరణించినా అందుబాటులో లేకపోయినా నమ్మదగిన ఇద్దరు సాక్షుల ఎదుట, మూల వ్రాతను ఏమాత్రం మార్చకుండా అంచున సవరణ వ్రాసి, సంతకం చేసి, తేదీ వేయాలి. కంప్యూటరు శాస్త్రజ్ఞులు ఎన్నో ప్రయోగాల తరువాత చేరుకున్న చోటు, మన బల్ల మీది రిజిస్టరులో 150 ఏళ్ళుగా ఉన్నది. మేము కంప్యూటరు కొన్నాక దానిని మరచిపోయాం.

7. సంఘ పరిచర్యలో అన్వయం

అన్నీ చెరగకుండా ఉంచాలని నేను చెప్పడం లేదు. ప్రసంగాల చిత్తుప్రతులు, ఈ నెల కార్యక్రమాలు, ఫోను నంబర్ల జాబితా పలక మీద వ్రాయదగినవి. ఇంకా ముఖ్యంగా, విశ్వాసి కన్నీళ్ళతో చెప్పుకున్న ఆంతరంగిక సంగతులను చెరగని మాధ్యమంలో ఎక్కించడం ద్రోహమే అవుతుంది. 2023లో చేసిన డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం కూడా తన సమాచారాన్ని సరిదిద్దించుకొనే, చెరిపించుకొనే హక్కును వ్యక్తికి పొందుపరచింది. ఎవరి మేలు కోసం ఉంచుతున్నాం, ఎవరి మేలు కోసం చెరుపుతున్నాం అన్నదే కొలత.

బాప్తిస్మాలు, వివాహాలు, సమాధులు, కమిటీ తీర్మానాలు, జమాఖర్చులు మాత్రం తాటాకు మీద వ్రాయదగినవి. వీటికి కాగితపు రిజిస్టరే మూలంగా ఉండాలి. దాని పుటల చిత్రాలు తీసి, సంవత్సరం పేరుతో ప్రత్యేకంగా దాచాలి. ఒక సంవత్సరపు ఫైలు మీద మరొక సంవత్సరపు ఫైలు వ్రాయకూడదు. వెళ్ళిపోయినవారి పేరు తీసివేయక, ఎదుట 'బదిలీ' అని తేదీ వేయాలి. రెండు ప్రతులు రెండు వేర్వేరు చోట్ల ఉండాలి. ఏటా ఒకసారి తెరిచి చూసి, మాధ్యమం పాతబడకముందే కొత్తదానిలోకి ఎక్కించాలి. ఇవేవీ పెద్ద ఖర్చుతో కూడినవి కావు.

ముగింపు

మేము ఆ సహోదరికి ఇద్దరు సంఘపెద్దల సాక్ష్యంతో ఒక ఉత్తరం వ్రాసి ఇచ్చాం. అది రిజిస్టరులోని వ్రాతతో సమానం కాదని ఆమెకు తెలుసు, మాకూ తెలుసు. ఆమె ఒక్క మాట కూడా అనకుండా తీసుకొని వెళ్ళింది. అప్పటినుండి మా సంఘంలో డిసెంబరు 31న ఆ ఏటి జాబితాను మూసివేసి, ఏ పేరూ తీయకుండా రెండు చోట్ల దాస్తున్నాం. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే. అయినా ఇది చదివే కాపరులు, రేపు కాపరులు కాబోయే విద్యార్థులు తమ బీరువాలోని రిజిస్టరును ఈ వారమే ఒకసారి తెరిచి చూస్తే, వారి గడపలో మరొకరు అదే ప్రశ్నతో నిలబడవలసిన అవసరం రాకపోవచ్చు.